రోబోనా, సీ-ఆర్మా? ముందు అత్తమ్మను కూర్చోబెట్టి ఒక ఎక్స్‌రే తీయించండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది హుజూరాబాద్. మా అత్తమ్మకు 58 ఏళ్లు. ఒంట్లో బాగున్నన్ని రోజులు నాట్లకు, కలుపుకు పోయేది. నాలుగేళ్ల కింద నడుముకు ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. అంతకు ముందు నొప్పులకు ఊళ్లో ఒకాయన ఇచ్చే పొడి మందు రెండేళ్లు వాడింది. ఇప్పుడు ఎడమ తుంటి నొప్పితో నడవలేకపోతోంది. ఎంఆర్ఐ తీస్తే ఏవీఎన్ ముదిరిందని, కీలు మార్చాలని చెప్పారు. కరీంనగర్‌లో ఒక సార్ సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలోనే ఎక్స్‌రే చూపే మిషన్) పెట్టి చూసుకుంటూ చేస్తానన్నారు. హైదరాబాద్‌లో సీటీ స్కాన్ తీసి రోబోతో చేస్తామన్నారు, లక్షన్నర ఎక్కువ అవుతుంది. హన్మకొండలో ఒక పెద్ద సార్ ఈ మిషన్లేవీ అక్కర్లేదు, 25 ఏళ్లుగా చేతి అంచనాతోనే చేస్తున్నానన్నారు. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. అప్పు తెచ్చైనా రోబోతోనే చేయిద్దాం అంటున్నారు. అత్తమ్మకేమో కాలు పొడుగవుతుందని భయం. పక్క ఊరిలో ఒకామెకు ఆపరేషన్ అయిన నెలకే కీలు జారిందట. స్కాన్‌లతో రేడియేషన్ అని కూడా అంటున్నారు. నాకు ఏం తోచడం లేదు. ఎవరి దగ్గరికి పోవాలి? — ఒక కోడలు, హుజూరాబాద్

సమాధానం: అమ్మా, మీరు రాసిన పెద్ద ఉత్తరాన్ని పైన కుదించి ఇచ్చాం. అసలు ఉత్తరంలో మిషన్ల గురించి, ఖర్చు గురించి ఒకటిన్నర పేజీ రాశారు. నడుముకు రాడ్లు వేసిన సంగతి మాత్రం ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోయారు. నా కన్ను ఆ వాక్యం దగ్గరే ఆగింది. ముగ్గురు డాక్టర్లలో ఎవరైనా ఆ రాడ్ల గురించి అడిగారా? అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. మీరు రాయడం మరిచిపోయి ఉంటే సంతోషం. నిజంగానే ఎవరూ అడగకపోతే మాత్రం సీ-ఆర్మా, రోబోనా అనే మాట పక్కన పెట్టి, ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఓపికగా చదవండి.

తుంటి కీలు అంటే ఒక గిన్నె, అందులో తిరిగే ఒక బంతి. గిన్నె కటి ఎముకలో ఉంటుంది, దాన్నే మేం పెల్విస్ అంటాం. బంతి తొడ ఎముక పైకొస. ఏవీఎన్‌లో ఈ బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయి కుంగిపోతుంది. ఆపరేషన్‌లో ఆ బంతిని తీసేసి, తొడ ఎముక లోపలికి ఒక లోహపు కాడ దించి, దాని మీద కొత్త బంతి పెడతాం. కటి ఎముకలో కొత్త గిన్నె కూర్చోబెడతాం. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1962లో దీనికి ఇప్పుడున్న రూపం ఇచ్చారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ ఆపరేషన్‌లో సర్జన్‌ను ఎక్కువ ఆలోచింపజేసేది ఆ గిన్నె మూతి ఎటు తిరిగి ఉండాలన్నదే.

వంటింట్లోంచి ఒక స్టీలు గిన్నె తెచ్చి పట్టుకోండి. మూతి పూర్తిగా నేల వైపు ఉంటే అది సున్నా డిగ్రీలు. మూతి పూర్తిగా పక్కకు తిరిగితే 90. శరీరంలో పెట్టే గిన్నె వీటి మధ్యలో, సుమారు 40 డిగ్రీల దగ్గర ఉండాలి. మరీ పక్కకు తిరిగితే బంతికి పైకప్పు చాలదు. బరువంతా అంచు మీద పడి త్వరగా అరుగుతుంది, జారే ప్రమాదమూ పెరుగుతుంది. రెండో కొలత, మూతి ఎంత ముందుకు చూస్తోంది అన్నది. ఇది సుమారు 15 డిగ్రీలు. ముందుకు చూడటం తక్కువైతే, మనిషి కిందికి కూర్చున్నప్పుడు బంతి వెనక్కి జారుతుంది. ఎక్కువైతే, నిలబడి కాలు వెనక్కి చాచినప్పుడు ముందుకు జారుతుంది. అమెరికాలో లెవినెక్, ఆయనతో పనిచేసిన డాక్టర్లు 1978లో ఈ రెండు అంకెలకు అటు పది, ఇటు పది డిగ్రీలు ఇచ్చి ఇది భద్రమైన హద్దు అన్నారు. మేమంతా చదువుకునే రోజుల్లో దాన్ని బట్టీ పట్టినవాళ్లమే.

ఇప్పుడు ఆ స్టీలు గిన్నె మూతిని పూర్తిగా పక్కకు తిప్పి, ఎదురుగా నుంచి చూడండి. అంచు ఒక గీతలా కనిపిస్తుంది. మెల్లగా మీ ముఖం వైపు తిప్పండి. గీత కోడిగుడ్డు ఆకారంలోకి తెరుచుకుంటుంది. ఎంత తిప్పితే అంత వెడల్పు. ఎక్స్‌రేలో మేం చూసేది ఇదే. ఆ కోడిగుడ్డు ఎంత వాలి ఉందో చూస్తే మొదటి కొలత, ఎంత తెరుచుకుందో లెక్కేస్తే రెండో కొలత తెలుస్తాయి. ఒక చిక్కుంది. అదే గిన్నెను మీ నుంచి అవతలికి అంతే తిప్పినా నీడ అదే ఆకారంలో పడుతుంది. అంటే ఎదురు నుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేను బట్టి గిన్నె ముందుకు చూస్తోందా, వెనక్కి చూస్తోందా అని ఖాయంగా చెప్పలేం. దానికి పక్క నుంచి తీసిన బొమ్మ కూడా కావాలి. ఎక్స్‌రే అయినా, సీ-ఆర్మ్ అయినా ఇచ్చేది నీడ మాత్రమే. నీడను ఎలా చదవాలో తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

మరి చేతి అంచనా సరిపోదా? చాలామందికి సరిపోతుంది, అందులో అబద్ధం లేదు. అయితే నా అనుభవం ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి ఏళ్లలో ఒక పత్తి రైతుకు తుంటి మార్చాను. పేషెంట్‌ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ముందూ వెనకా దిండ్లలాంటి సపోర్టులు పెట్టి చేసే పద్ధతి అది. కాలును లాగుతున్నప్పుడు లోపల ఆయన పెల్విస్ కొంచెం ముందుకు దొర్లింది. పైన గుడ్డలు కప్పి ఉంటాయి కాబట్టి నాకు కనబడలేదు. నేను టేబుల్‌ను చూసుకుని గిన్నెను 20 డిగ్రీలు ముందుకు తిప్పి కొట్టాను. దొర్లిన పెల్విస్‌తో పోలిస్తే అది ఐదో, ఆరో డిగ్రీలే అయింది. ఐదో వారం నులక మంచం మీంచి లేస్తుంటే కీలు జారింది. మత్తు ఇచ్చి ఎక్కించాం. మళ్లీ జారింది. చివరికి మళ్లీ కోసి గిన్నె మార్చాల్సి వచ్చింది. మొదటి ఆపరేషన్ రోజున సీ-ఆర్మ్ అదే థియేటర్లో ఒక మూలకు ఉంది. ఎముకలు విరిగిన కేసులకు వాడేవాళ్లం. దాన్ని తెప్పిస్తే ఇంకో 20 నిమిషాలు పడుతుందని తెప్పించలేదు. ఆ రైతు రెండు పంటలు నష్టపోయాడు. ఆ తర్వాత నుంచి గిన్నె కూర్చోబెట్టాక ఒక బొమ్మ తీసి చూడకుండా నేను కోత మూయలేదు.

అందుకే హన్మకొండ పెద్ద సార్ మీద గౌరవం ఉంచుకునే ఒక మాట అడగండి: "సార్, గిన్నె పెట్టాక, కుట్లు వేయకముందు, టేబుల్ మీదే ఒక ఎక్స్‌రే తీసి చూస్తారా?" చాలామంది అనుభవం ఉన్న సర్జన్లు తీస్తారు. తీస్తానంటే ఆయన చేతి నేర్పు మీకు అదనపు లాభం. "అవసరం లేదు" అంటే, మీ అత్తమ్మ విషయంలో నేను ఒప్పుకోను.

సీ-ఆర్మ్ సంగతికి వద్దాం. ఇంగ్లిషు సీ అక్షరం ఆకారంలో ఉండే ఎక్స్‌రే మిషన్ అది. పేషెంట్ చుట్టూ వంపు తిరిగి నిలబడుతుంది, ఆపరేషన్ జరుగుతుండగానే టీవీ తెర మీద ఎముకలు చూపిస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి తొడ ముందు భాగం నుంచి చేసే పద్ధతిలో ఇది బాగా కుదురుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి చేసే పద్ధతిలో కూడా వాడొచ్చు, కానీ మిషన్‌ను సరైన కోణంలో తేవడం కష్టం, టేబుల్ కూడా ఎక్స్‌రే కిరణాలను అడ్డుకోని రకం కావాలి. గిన్నె కోణం, ఎంత లోతుకు దిగింది, కాడ తొడ ఎముకలో సరిగ్గా బిగిసిందా, రెండు కాళ్లూ సమానంగా వచ్చాయా, ఇవన్నీ అక్కడే చూసుకుని అక్కడే సరిచేయొచ్చు. తెల్లారి వార్డులో ఎక్స్‌రే చూసి "అయ్యో" అనుకునే కన్నా ఇది ఎంతో మేలు.

కానీ సీ-ఆర్మ్ చూపించే బొమ్మ కూడా మోసం చేస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు దర్వాజ నిలబెట్టిన రోజు గుర్తు చేసుకోండి. మేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీసి చూస్తాడు. గోడ కదలదు కాబట్టి ఆ లెక్క చెల్లుతుంది. మా పనిలో గోడ కదులుతుంది. టేబుల్ మీద పెల్విస్ కాస్త ముందుకు వాలినా, వెనక్కి వాలినా తెర మీద గిన్నె కోణం మారిపోతుంది. పెల్విస్ ఒక డిగ్రీ వాలితే గిన్నె ముందుకు చూసే కోణం దాదాపు ముప్పావు డిగ్రీ మారుతుంది. మిషన్‌ను తుంటి మీద కేంద్రం చేసి తీస్తే ఒక కోణం, పెల్విస్ నడిమధ్యన కేంద్రం చేసి తీస్తే ఇంకో కోణం కనిపిస్తుంది. అందుకని జాగ్రత్తపరుడైన సర్జన్ ముందుగా, పేషెంట్ నిలబడి ఉండగా తీసిన ఎక్స్‌రేను తెర పక్కన పెట్టుకుంటాడు. పెల్విస్ కింద రెండు వైపులా ఉండే రంధ్రాల ఆకారం, తోక ఎముక కొసకూ ముందున్న ఎముకల అతుకుకూ మధ్య దూరం, ఈ రెండూ ఆ ఎక్స్‌రేలో ఉన్నట్టే సీ-ఆర్మ్‌లోనూ కనిపించేదాకా మిషన్‌నో టేబుల్‌నో వంచుతాడు. ఆ తర్వాతే కోణం కొలుస్తాడు. కరీంనగర్ సార్‌ను ఈ సంగతి అడగండి. "నిలబడి తీసిన ఎక్స్‌రేతో పోల్చి చూస్తారా?" అంటే చాలు, ఆయనకు అర్థమవుతుంది.

ఇక అత్తమ్మ నడుము. అసలు విషయం ఇదే.

మనం నిలబడి ఉన్నప్పుడు నడుము దగ్గర వెన్ను కొంచెం లోపలికి వంగి ఉంటుంది. కుర్చీలో కూర్చోగానే ఆ వంపు పోయి పెల్విస్ వెనక్కి దొర్లుతుంది, మామూలు మనిషిలో సుమారు 20 డిగ్రీలు. అలా దొర్లినప్పుడు గిన్నె మూతి ముందుకు తెరుచుకుంటుంది. పైకి వచ్చే తొడకు చోటు ఇస్తుంది. కూర్చున్న ప్రతిసారీ మనకు తెలియకుండానే ఇది జరిగిపోతుంది. నడుముకు రాడ్లు వేసి బిగించాక, ఆ బిగింపు కింద త్రికాస్థి (వెన్ను అడుగున, పెల్విస్ వెనక భాగంలో ఉండే ఎముక) దాకా పోయి ఉంటే మరీ ఎక్కువగా, పెల్విస్ అలా దొర్లలేదు. అత్తమ్మ కూర్చుంటారు, తొడ పైకి వస్తుంది, గిన్నె మాత్రం నిలబడినప్పటి కోణంలోనే ఉండిపోతుంది. కొత్త బంతి కింద ఉండే కాడ మెడ గిన్నె ముందంచుకు తగులుతుంది. అది ఆనుకుని ఎత్తినట్టై బంతి వెనక నుంచి బయటికి జారుతుంది. వెన్ను బిగించినవాళ్లలో తుంటి మార్చాక కీలు జారడం మిగతావాళ్ల కన్నా ఎక్కువని చాలా దేశాల్లో చూశారు. ఎన్ని పూసలు బిగించారన్నదాన్ని బట్టి ప్రమాదం పెరుగుతుంది.

ఇక్కడ 40, 15 అనే బట్టీ అంకెలు మనల్ని ఆదుకోవు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఒక పెద్ద పరిశీలన జరిగింది, 2016లో అచ్చయింది. కీలు జారిన 206 తుంటి కేసుల ఎక్స్‌రేలు కొలిస్తే, 58 శాతం కేసుల్లో గిన్నె ఆ భద్రమైన హద్దులోనే ఉంది. అందరికీ ఒకే కోణం అనే నమ్మకం దాంతో బాగా సడలింది. ఇప్పుడు తెలివైన సర్జన్ అడిగే ప్రశ్న వేరు. ఈ మనిషి కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు పెల్విస్ ఎంత కదులుతోంది? దాన్ని బట్టి ఈ మనిషికి గిన్నె ఎటు చూడాలి?

ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చేది రోబో కాదు, సీ-ఆర్మ్ కూడా కాదు. రెండు మామూలు ఎక్స్‌రేలు. రెండూ పక్క నుంచే తీయాలి, నడుము పూసలు, పెల్విస్, తొడ ఎముక పైభాగం ఒకే ఫిల్మ్‌లో పడేట్టు. ఒకటి నిలబడి, ఒకటి కూర్చుని. కూర్చున్నప్పుడు తొడలు నేలకు సమాంతరంగా ఉండేంత ఎత్తు స్టూల్ కావాలి, వెనక ఆనుకోకూడదు. ఈ రెండింటిలో త్రికాస్థి వాలు ఎంత మారిందో కొలుస్తారు. పది డిగ్రీల కన్నా తక్కువ మారితే వెన్ను బిగుసుకుపోయినట్టు లెక్క. డిజిటల్ ఎక్స్‌రే ఉన్న ఏ సెంటర్లోనైనా ఇవి తీస్తారు, దీనికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. లక్షన్నర రూపాయల మిషన్ గురించి ఇంట్లో ఇంత టెన్షన్ పడుతున్నారు కదా, ఈ రెండు ఫిల్మ్‌లకయ్యే ఖర్చు అందులో వందో వంతు కూడా ఉండదు.

పెల్విస్ కదలడం లేదని తేలితే రెండు దారులు ఉన్నాయి. ఒకటి, గిన్నెను మామూలు కన్నా కొంచెం ఎక్కువ ముందుకు చూసేట్టు, కొంచెం ఎక్కువ వాలుగా పెట్టడం. ఎంత అన్నది సర్జన్ లెక్కగట్టాలి, ఎక్కువైతే నిలబడినప్పుడు ముందుకు జారే గొడవ వస్తుంది. రెండోది, డ్యూయల్ మొబిలిటీ అనే రకం గిన్నె వాడటం. ఇందులో చిన్న బంతి ఒక ప్లాస్టిక్ బంతిలో తిరుగుతుంది, ఆ ప్లాస్టిక్ బంతి మళ్లీ గిన్నెలో తిరుగుతుంది. రెండు చోట్ల కదలిక ఉండటం వల్ల జారడం తక్కువ. ఫ్రాన్స్‌లో 1970లలో గిల్ బుస్కే అనే సర్జన్ తెచ్చిన ఆలోచన ఇది. నడుము బిగించిన పేషెంట్లలో దీని వైపు మొగ్గే సర్జన్లు చాలామంది ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. దీనికి అదనంగా ఖర్చవుతుంది. కానీ మీ అత్తమ్మ విషయంలో అదనంగా పెట్టే డబ్బు రోబోకు పోవాలా, ఇలాంటి గిన్నెకు పోవాలా అని నన్నడిగితే గిన్నెకే అంటాను.

రోబోను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తుంటి ఆపరేషన్‌లో రోబో కొత్తదేమీ కాదు, అమెరికాలోని కాలిఫోర్నియాలో 1992లోనే వాడారు. ఇప్పటివి అప్పటి కన్నా ఎంతో మెరుగు. ముందు సీటీ తీసి, దాని నుంచి మీ పెల్విస్ త్రీడీ బొమ్మ తయారు చేస్తారు. నీడలో కనపడని ముందూ వెనకా తేడా సీటీలో స్పష్టంగా తెలుస్తుంది. ఆ బొమ్మ మీద సర్జన్ గిన్నె కోణం నిర్ణయిస్తాడు. థియేటర్లో పరికరం సర్జన్ చేతిలోనే ఉంటుంది, అనుకున్న హద్దు దాటకుండా రోబో చేయి పట్టి ఆపుతుంది. అనుకున్న కోణాన్ని అనుకున్నట్టు తేవడంలో చేతి కన్నా రోబో మెరుగని తేలింది. అయితే ఆ కోణాన్ని అనుకున్నది ఎవరు? మనిషే. అందరికీ వేసినట్టు మీ అత్తమ్మకూ 40, 15 అని వేస్తే, రోబో ఆ తప్పును కూడా అంతే కచ్చితంగా అమలు చేస్తుంది. హైదరాబాద్‌లో అడగాల్సింది అదే: "కూర్చుని, నిలబడి తీసిన ఎక్స్‌రేలు చూసి ప్లాన్ వేస్తారా?" కొన్ని రోబోల సాఫ్ట్‌వేర్‌లో ఆ కొలతలు కలిపే వీలు ఇప్పుడు ఉంది. పుట్టుకతో గిన్నె సరిగా ఏర్పడనివాళ్లు, పాత ప్రమాదంలో పెల్విస్ విరిగి వంకరగా అతుకున్నవాళ్లు, వాళ్లకైతే సీటీ ప్లాన్ తప్పకుండా పనికొస్తుందని నేనే పంపిస్తాను.

దుబాయ్‌లో ఉన్న మీ ఆయనకు ఇంకో సంగతి చెప్పండి. తుంటి మార్చినవాళ్ల కీళ్లు ఎన్నేళ్లు నిలిచాయని పలు దేశాల లెక్కలు కలిపి లాన్సెట్ అనే వైద్య పత్రికలో 2019లో ఒక పరిశీలన వేశారు. 25 ఏళ్ల తర్వాత కూడా 58 శాతం కీళ్లు పనిచేస్తూనే ఉన్నాయి. 25 ఏళ్లు నిండాయంటే అవి 1990లలో, ఇంకా ముందు పెట్టినవి, దాదాపు అన్నీ సర్జన్ల చేతులతో పెట్టినవే. రోబోతో పెట్టినవి అంతకన్నా ఎక్కువ కాలం వస్తాయని చూపే అంత పొడుగు లెక్కలు ఇంకా లేవు. ఆయన ఎండలో కష్టపడి పంపే డబ్బును, మిత్తికి తెచ్చే అప్పును దీని మీద పెట్టొద్దని నా మాటగా చెప్పండి. అమ్మ మీద ప్రేమతోనే ఆయన అంటున్నారు, అది నాకు అర్థమవుతుంది. దూరంగా ఉన్న కొడుక్కి ఖరీదైనదే భద్రమైనదిగా కనిపిస్తుంది.

కాలు పొడుగవుతుందనే భయం గురించి. అది ఉత్త భయం కాదు, జరగడానికి వీలుంది. కీలు గట్టిగా నిలవాలని సర్జన్ కాస్త పొడుగు ఉంచడం కూడా కద్దు. ముందే ఎక్స్‌రే మీద కొలిచి ప్లాన్ చేస్తే తేడా తగ్గుతుంది. ఎక్స్‌రేలో ఎముకలు అసలు సైజు కన్నా 15, 20 శాతం పెద్దగా పడతాయి, అందుకని తుంటి పక్కన 25 మిల్లీమీటర్ల స్టీలు బంతి పెట్టి తీస్తారు. దాన్ని బట్టి అసలు సైజు లెక్కేస్తారు. ఏవీఎన్‌లో బంతి కుంగడం వల్ల అత్తమ్మ ఎడమ కాలు ఇప్పటికే పొట్టిగా అయి ఉంటుంది. ఆపరేషన్ తర్వాత సరైన పొడవుకు వచ్చినా, పొట్టికి అలవాటు పడిన కండరాల వల్ల కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు "పొడుగైంది" అనే అనిపిస్తుంది. సెంటీమీటర్ లోపు తేడాను చాలామంది మరిచిపోతారు కూడా. అయితే నడుము బిగించి ఉన్నవాళ్లు ఆ తేడాను వెన్ను వంచి సర్దుకోలేరు. కాబట్టి ఆపరేషన్‌కు ముందే అత్తమ్మను నిలబెట్టి, ఎడమ పాదం కింద సన్నటి చెక్కలు ఒక్కొక్కటి పెడుతూ ఏ ఎత్తు దగ్గర సమంగా అనిపిస్తుందో చూడమనండి. అయిదు నిమిషాల పని.

రేడియేషన్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. మనం ఏ పరీక్షా చేయించుకోకపోయినా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల (రేడియేషన్‌ను కొలిచే లెక్క) రేడియేషన్ అందుతూనే ఉంటుంది. పెల్విస్ ఎక్స్‌రే ఒకటి అందులో నాలుగో వంతు ఉంటుంది. సీటీ అయితే రెండు, మూడేళ్ల సహజ రేడియేషన్ అంత కావచ్చు. సీ-ఆర్మ్‌తో ఆపరేషన్‌లో కొన్ని సెకన్లు వేసేది చాలా తక్కువ. 58 ఏళ్ల మనిషికి, అవసరమైన పరీక్షకు ఇది వెనకాడాల్సిన సంగతి కాదు.

మీరు మాటల్లో మాటగా రాసిన పొడి మందు సంగతి నాకు ఆందోళన కలిగించింది. పేరు లేని అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం మా ఓపీలో తరచూ చూస్తాం. ఏవీఎన్‌కు స్టెరాయిడ్ పెద్ద కారణాల్లో ఒకటి. అత్తమ్మ ఇప్పటికీ దాన్ని అడపాదడపా తీసుకుంటుంటే దాచొద్దు. ఉన్నట్టుండి మానేయనూ వద్దు. మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. చాలా రోజులు స్టెరాయిడ్ వాడినవాళ్ల శరీరం ఆపరేషన్ ఒత్తిడిని సొంతంగా తట్టుకోలేదు, బీపీ పడిపోవచ్చు. ముందే తెలిస్తే దానికి మందు ఇస్తారు. షుగర్, మూత్రంలో ఇన్ఫెక్షన్, చీము పట్టిన పళ్లు కూడా ముందే చూపించి బాగు చేయించాలి.

ఇప్పుడు ఎవరి దగ్గరికి పోవాలన్న మీ ప్రశ్న. రెండు ఎక్స్‌రేలు తీయించాక, నడుము ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితాలు కూడా పట్టుకుని ముందు కరీంనగర్ సార్ దగ్గరికే వెళ్లండి. ఆ ఎక్స్‌రేలను తెర మీద పెట్టి, "ఈమె వెన్ను ఇంత కదులుతోంది, కాబట్టి గిన్నె ఇలా పెడతాను, ఈ రకం గిన్నె వాడతాను" అని మీకు అర్థమయ్యేట్టు చెప్తే, అక్కడే చేయించండి. ఆయన ఏడాదికి ఎన్ని తుంటి ఆపరేషన్లు చేస్తారో కూడా అడగండి, అది అడగడం తప్పు కాదు. ఫిల్మ్‌లను చూడకుండా పక్కన పెడితే హన్మకొండ సార్‌కు చూపించండి. ఇద్దరిలో ఎవరైనా "వంకర ఎక్కువగా ఉంది, సీటీ ప్లాన్ లేకుండా నేను చేయను" అంటే, అప్పుడు హైదరాబాద్ ఆలోచిద్దాం. రేషన్ కార్డు ఉంటే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర మీ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో వస్తుందో లేదో, ఏ రకం ఇంప్లాంట్ వరకు వస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఆ పథకం పరిమితి 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షలు.

పక్క ఊరి ఆమెకు కీలు ఎందుకు జారిందో ఆమె ఎక్స్‌రే చూడకుండా నేను చెప్పలేను. కాకపోతే జారేవి ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జారుతాయి. కాబట్టి అత్తమ్మ ఇంటికి వచ్చేలోపు కొన్ని ఏర్పాట్లు చేసి పెట్టండి. బాత్రూంలో పాశ్చాత్య కమోడ్ లేకపోతే రంధ్రం ఉన్న ఎత్తు కుర్చీ కొనండి. నులక మంచం తీసేసి, కూర్చుంటే మోకాళ్ల కన్నా తుంటి పైన ఉండేంత ఎత్తు మంచం వేయండి. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు, కాలి మీద కాలు ఇక వద్దు. నడుము బిగించి ఉంది కాబట్టి మూడు నెలల తర్వాత కూడా ఈ జాగ్రత్త ఉండాలి. కింద పడిన వస్తువు తీయడానికి వంగొద్దు. చీపురు కర్ర అంత పొడుగు పట్టుకారు ఒకటి మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. బతుకమ్మ ఆడాలని అత్తమ్మకు ఆశ ఉంటే ఫిజియోథెరపిస్టు ఒప్పుకున్నాక చుట్టూ నడుస్తూ చప్పట్లు కొట్టొచ్చు, బాగా వంగి లేచే ఆట మాత్రం మిగతావాళ్లకు వదిలేయమనండి.

డిశ్చార్జి రోజున రెండు వస్తువులు అడిగి తీసుకోండి. ఆపరేషన్ తర్వాత తీసిన ఎక్స్‌రేలు, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. ఇంప్లాంట్ డబ్బాల మీద ఉండే స్టిక్కర్లు అంటించిన కాగితం. పదిహేనేళ్ల తర్వాత ఎప్పుడైనా ఆ కీలుకు చిన్న రిపేరు కావాల్సి వస్తే, లోపల ఏ కంపెనీది, ఏ సైజు ఉందో ఆ స్టిక్కర్లే చెప్తాయి. రేషన్ కార్డు పెట్టే కవర్లోనే వాటినీ పెట్టండి.

కూర్చుని తీసే ఎక్స్‌రేకు అత్తమ్మను తీసుకెళ్లేటప్పుడు ఒక చిన్న మాట. ఎక్స్‌రే తీసే అబ్బాయికి ఈ ఫిల్మ్ అలవాటు ఉండకపోవచ్చు. "పక్క నుంచి, నడుము నుంచి తొడ దాకా, ఒకటి నిలబడి, ఒకటి ఆనుకోకుండా కూర్చుని" అని డాక్టర్ చీటీ మీద రాయించుకుని వెళ్లండి. తుంటి నొప్పితో ఆమె ఒక పక్కకు ఒరిగి కూర్చుంటారు. మీరు పక్కన నిలబడి, రెండు తొడలూ సమంగా స్టూల్ మీద ఆనేలా సర్ది, తర్వాత పక్కకు జరగండి. ఫిల్మ్‌లు వచ్చాక వాటి ఫోటోలు తీసి మళ్లీ రాయండి, చూసి చెప్తాను.